తాగి పడినప్పుడు తలకు తగిలిన పాత దెబ్బ ఇప్పుడు భయపెడుతుంటే ఏం చేయాలి

ఏదో పెళ్లి బరాత్‌లోనో, జాతర రాత్రో, దావత్ నుంచి బండి మీద ఇంటికి వస్తూనో తల గట్టిగా కొట్టుకుంది. ఆ రాత్రి సంగతులు సగమే గుర్తున్నాయి. మర్నాడు తల బరువుగా ఉంటే తాగింది ఇంకా దిగలేదనుకున్నారు. ఇంట్లో తిడతారని ఎవరికీ చెప్పలేదు, ఆస్పత్రికీ వెళ్లలేదు. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు తెలిసినవాళ్ల పేరు నోటికి రాకపోయినా, కాస్త తల తిరిగినా, ఊరికే కోపం వచ్చినా ఒకటే ప్రశ్న: ఆ దెబ్బకి నా మెదడు పాడైపోయిందా?

జ్వరమొస్తే నలుగురికీ చెప్పుకుంటాం. తాగి పడ్డానని చెప్పుకోలేం. అందుకే ఈ భయం ఉన్నవాళ్లు రాత్రిళ్లు ఫోన్లో వెతుక్కుంటూ ఒంటరిగా నలిగిపోతారు. అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. జరిగిపోయిన దెబ్బని ఎవరూ వెనక్కి తీయలేరు. కానీ ఇప్పటి బాధలన్నీ దాని ఖాతాలో వేసేముందు ఇప్పుడు తాగుతున్నదెంత, నిద్ర ఎలా ఉంది, ఒంట్లో ఏవైనా లోపాలున్నాయా అన్నది చూడాలి. సరిచేసుకోగలిగినవి ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

మొదటి పని: ఈరోజే ఆస్పత్రికి వెళ్లాల్సిన పరిస్థితా?

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతాది చదవడం ఆపి బయల్దేరండి, లేదా 108కి ఫోన్ చేయించండి.

- ఫిట్స్ రావడం
- ఒక చెయ్యి, కాలు పట్టు తప్పడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం
- ఎప్పుడూ లేనంత తలనొప్పి ఉన్నట్టుండి రావడం, లేదా రోజురోజుకీ పెరగడం, దాంతో పాటు వాంతులు
- పగలంతా మగతగా ఉండటం, పొంతన లేకుండా మాట్లాడటం
- చూపు రెండుగా కనబడటం, నడక తూలడం (తాగకుండా ఉన్నప్పుడు కూడా)

దెబ్బ తగిలి ఇంకా మూడు నెలలు దాటకపోతే మరింత జాగ్రత్త కావాలి. మెదడుకీ దాని మీది పొరకీ మధ్య సన్నటి సిరలు ఉంటాయి. వయసు మీద పడినవాళ్లలో, ఏళ్ల తరబడి తాగేవాళ్లలో మెదడు కొద్దిగా కుంచించుకుపోయి ఆ సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే ఒకటి తెగి, రక్తం బొట్టుబొట్టుగా చేరుతుంది. లివర్ దెబ్బతిన్నవాళ్లకి రక్తం తొందరగా గడ్డకట్టదు. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లదీ అదే ఇబ్బంది. మొదటి రెండు మూడు వారాలు మనిషి మామూలుగానే తిరుగుతాడు. ఆ తర్వాత తలనొప్పి, మతిమరుపు, మందకొడితనం మొదలవుతాయి. నడుస్తుంటే తెలియకుండానే ఒక కాలి చెప్పు జారిపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం లాంటివి ఇంట్లోవాళ్లే ముందు గమనిస్తారు. "తాగి తాగి ఇలా అయ్యాడు" అని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. సీటీ స్కాన్‌లో ఇది బయటపడుతుంది. పుర్రెకి చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేస్తే చాలామంది కోలుకుంటారు.

దెబ్బ తగిలి ఏళ్లయి, పై లక్షణాలేవీ లేకపోతే కంగారు పడాల్సిన పని లేదు. నిదానంగా ముందుకు పోదాం.

రెండో పని: ఆ రాత్రి గురించి అర పేజీ రాయండి

బుర్రలో తిప్పుకుంటూ ఉంటే భయం పెరుగుతుంది, వివరం మాత్రం పెరగదు. కాగితం తీసుకుని రాయండి. ఏ సంవత్సరం? ఎక్కడ పడ్డారు, ఎంత ఎత్తు నుంచి? బండి మీదైతే హెల్మెట్ ఉందా? తల ఏ వైపు తగిలింది? ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ రక్తమో నీళ్లలాంటిదో కారిందా? మర్నాడు, ఆ వారం, ఆ నెల ఎలా గడిచాయి? పనికి ఎప్పుడు వెళ్లగలిగారు?

ఇక్కడ చిక్కు ముడి ఒకటుంది. చాలామంది "నాకు ఆ రాత్రి ఏమీ గుర్తులేదు, అంటే మెదడుకి పెద్ద దెబ్బే తగిలింది" అనుకుంటారు. కానీ తక్కువ సమయంలో ఎక్కువ తాగితే, దెబ్బ తగలకపోయినా జ్ఞాపకం నమోదు కాదు. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, పాటలు పాడతాడు, మర్నాడు ఏదీ గుర్తుండదు. మెదడులో కొత్త జ్ఞాపకాలని దాచే భాగాన్ని ఆల్కహాల్ ఆ కాసేపు పని చేయనివ్వదు. కాబట్టి పడకముందు గంట, రెండు గంటల సంగతులు కూడా గుర్తు లేకపోతే అందులో ఎక్కువ భాగం మందు వల్లే కావచ్చు. తలదెబ్బ కూడా ముందు జరిగినవాటిని కొంత చెరిపేయగలదు కాబట్టి మీ జ్ఞాపకం ఒక్కదాన్నే నమ్ముకుని తీర్పు చెప్పుకోకండి.

ఆ రాత్రి పక్కనున్న మనిషిని అడగండి. సిగ్గుపడకుండా అడగాల్సిన ప్రశ్నలు ఇవి: పడగానే కళ్లు తెరిచే ఉన్నానా? పిలిస్తే పలికానా? ఎంతసేపటికి పలికాను? వాంతి చేసుకున్నానా? చేతులు కాళ్లు కొట్టుకున్నానా? "స్పృహ తప్పావు" అని వాళ్లంటే అక్కడితో ఆగకండి. తట్టి లేపితే లేచి బూతులు తిట్టి మళ్లీ పడుకున్నారా, ఎంత కదిపినా పలక్కుండా ఉన్నారా అని అడగండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఆస్పత్రికి వెళ్లి ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ ఫిల్ములు, కేసు నమోదై ఉంటే ఎంఎల్‌సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) కాగితాలు బయటికి తీయండి. అందులో జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్) అని ఒక అంకె ఉంటుంది. గ్లాస్గోలో 1974లో తయారైన కొలత అది. కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి 3 నుంచి 15 వరకు వేస్తారు. 13 నుంచి 15 అయితే తేలికపాటి దెబ్బ, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం. బాగా తాగి ఉన్న మనిషికి ఈ అంకె ఉన్నదానికన్నా తగ్గి కనబడొచ్చు. అందుకే మత్తు దిగాక మళ్లీ వేసిన అంకె కూడా ఉందేమో చూడండి.

మూడో పని: రాసినదాన్ని బట్టి ఎంత భయపడాలో తేల్చుకోండి

మనవాళ్లు చెప్పే రెండు మాటలు ముందు పక్కన పెట్టండి. "రక్తం బయటికి పోయింది కాబట్టి లోపల ఏం కాలేదు" అన్నది నిజం కాదు. నెత్తి మీది చర్మం చిన్న గాయానికే ఎక్కువ రక్తం కారుస్తుంది, దాన్ని బట్టి లోపలి సంగతి చెప్పలేం. "వాంతి కాలేదు కాబట్టి ఫర్వాలేదు" అన్నదీ అంతే.

తేలికపాటి దెబ్బ ఒక్కసారే తగిలితే ఎక్కువమంది కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో కోలుకుంటారు. కొద్దిమందికి తలనొప్పి, అలసట, మనసు నిలవకపోవడం మూడు నెలలు దాటినా ఉంటాయి. అసలు గమనించాల్సింది లక్షణాలు ఏ వరసలో వచ్చాయన్నది. దెబ్బ వల్ల వచ్చే బాధ మొదట్లో ఎక్కువగా ఉండి మెల్లగా తగ్గుతుంది. మీరు ఆ తర్వాత రెండు మూడేళ్లు హాయిగా ఉద్యోగం చేసుకుని, పిల్లల్ని చదివించుకుని, ఇప్పుడు కొత్తగా మతిమరుపు వచ్చిందంటే అది పాత దెబ్బ పని అయ్యే అవకాశం తక్కువ. కొత్త కారణం వెతకాలి.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. దెబ్బ తీవ్రమైనదైతే, పుర్రె లోపలికి అణిగితే, మెదడులో రక్తస్రావం అయితే ఫిట్స్ కొన్ని నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. ఒక్కసారి కాకుండా తాగిన ప్రతిసారీ పడుతూ నాలుగైదు దెబ్బలు తగిలి ఉంటే లెక్క వేరు. మధ్యస్థం, తీవ్రం అయిన దెబ్బలు ముసలితనంలో డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. 2020లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకి జాగ్రత్త పడితే తగ్గించుకోగల 12 కారణాలు చెప్పినప్పుడు తలదెబ్బనీ, అతిగా తాగడాన్నీ రెండింటినీ అందులో చేర్చింది. మొదటిది మీ విషయంలో జరిగిపోయింది. రెండోది ఇంకా మీ చేతిలో ఉంది.

ఫోన్లో వెతికితే బాక్సర్లకి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లకి వచ్చే సీటీఈ అనే జబ్బు కనిపించి మతి పోతుంది. అది ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తలకు దెబ్బలు తిన్నవాళ్ల సంగతి. ఖాయంగా చెప్పాలంటే చనిపోయాక మెదడుని పరీక్షించాల్సిందే. ఒకసారి మెట్ల మీద జారిపడిన మనిషి దాన్ని తనకు అంటగట్టుకోనక్కర్లేదు.

దెబ్బ వల్ల నిజంగానే మిగిలిపోయే వాటిలో కొన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. వాసన తెలియకపోవడం ఒకటి, పోపు మాడినా తెలియదు. ఇంకొకటి, మంచం మీద పక్కకి తిరిగినా, పైకి చూసినా కొన్ని సెకన్లు గది గిర్రున తిరగడం. చెవి లోపలి సన్నటి కణాలు చోటు తప్పడం వల్ల ఇది వస్తుంది. ఈఎన్‌టీ డాక్టరో న్యూరో డాక్టరో తలని ఒక పద్ధతిలో తిప్పి సరిచేస్తారు, మాత్రలు మింగుతూ ఏళ్లు గడపాల్సిన పనిలేదు. నుదుటి వైపు గట్టి దెబ్బ తగిలినవాళ్లలో చిరాకు, ముందువెనకలు చూడకుండా మాట్లాడటం మిగలొచ్చు. ఇది మనకి మనం కనిపెట్టలేం, ఇంట్లోవాళ్ల మాట వినాలి.

నాలుగో పని: రెండు వారాలు లెక్క రాయండి

రోజుకి ఒక్క వరస చాలు. ఎంత తాగారు, ఎన్నింటికి పడుకున్నారు, రాత్రి ఎన్నింటికి మెలకువ వచ్చింది, తలనొప్పి ఉందా, ఏ మాత్ర వేసుకున్నారు, మెదడు గురించిన భయం ఏ వేళ పట్టుకుంది.

ఎంత తాగారో పెగ్గుల్లో రాయొద్దు, మిల్లీలీటర్లలో రాయండి. మన దగ్గర అమ్మే విస్కీలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్. వైద్యులు 10 గ్రాములని ఒక డ్రింక్‌గా లెక్కేస్తారు. అంటే "ఒక్క క్వార్టరే కదా" అన్నది ఆరు డ్రింకులు. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి నాలుగు డ్రింకులు. ఈ లెక్క చూసి చాలామంది తుళ్లిపడతారు.

రెండు వారాల కాగితం ముందు పెట్టుకుంటే కొన్ని సంగతులు వాటంతట అవే కనబడతాయి. తాగిన రాత్రి తొందరగా నిద్ర పడుతుంది గానీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ఆల్కహాల్ దిగేకొద్దీ మెదడు ఎదురు తిరిగి ఉద్రేకపడుతుంది. గుండె దడ, చెమట, చేతుల వణుకు, ఏదో కీడు జరగబోతోందన్న టెన్షన్ అప్పుడే వస్తాయి. తల గురించిన భయం కూడా సరిగ్గా ఆ గంటల్లోనే వస్తోందా? అయితే అది పాత దెబ్బ గురించి మెదడు ఇస్తున్న సమాచారం అనుకోకండి, నిన్న రాత్రి తాగినదాని ప్రభావం. పగటి జ్ఞాపకాలు నిద్రలోనే స్థిరపడతాయి కాబట్టి నిద్ర చెడితే మతిమరుపు వస్తుంది. నెలలో పది పదిహేను రోజులకి మించి నొప్పి మాత్రలు వేసుకుంటుంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి పట్టుకుని కూర్చుంటుంది. తాగే అలవాటున్నవాళ్లు రోజూ పారాసిటమాల్ మింగడం లివర్‌కి మంచిది కాదు.

ఐదో పని: మానేయాలి, కానీ ఎలా మానాలో తెలుసుకుని మానాలి

వారానికో, పదిహేను రోజులకో తాగేవాళ్లయితే నాలుగైదు వారాలు పూర్తిగా ఆపి చూడండి. అదే లెక్క కాగితం కొనసాగించండి. మతిమరుపు, తల బరువు, చిరాకు ఎంత తగ్గాయో మీకే తెలుస్తుంది. ఏ స్కానూ ఇంత తేటగా చెప్పదు.

రోజూ తాగేవాళ్లు, పొద్దున్నే చేతులు వణికితే గుక్కెడు పడాల్సినవాళ్లు మాత్రం ఇంట్లో ఒక్కసారిగా ఆపేయొద్దు. ఈ మాట నొక్కి చెబుతున్నాను. చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడటం, జ్వరం, తీవ్రమైన అయోమయం రావచ్చు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇంతకుముందు తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లు ఫిట్స్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డాక్టర్ పర్యవేక్షణలో మందులతో ఐదారు రోజుల నుంచి ఓ వారం పాటు దించుతారు. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో మానసిక వైద్యశాల ఉన్నాయి. అక్కడికి వెళ్తే పిచ్చి అంటారేమోనని వెనక్కి తగ్గకండి.

బాగా తాగి సరిగా తినని మనిషికి బి1 విటమిన్ తగ్గిపోతుంది. దాంతో అయోమయం, కళ్లు సరిగా తిరగకపోవడం, నడక తూలడం వస్తాయి. వెంటనే ఇంజక్షన్లు ఇస్తే బాగవుతుంది, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఇది పాత దెబ్బ ఫలితమని పొరబడి కూర్చుంటే చేతులారా చెడగొట్టుకున్నట్టే.

ఇంట్లోవాళ్లకి ఒక విన్నపం. "తాగుడు మాన్పించే మందు" అని ఎవరో ఇచ్చిన పొడిని కూరలో, మజ్జిగలో రహస్యంగా కలపొద్దు. అందులో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) లాంటిది ఉండి, ఆ మనిషి బయట తాగి వస్తే బీపీ పడిపోయి ప్రమాదం జరగొచ్చు. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల లాభం లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, నోట్లో ఏమీ దూర్చకండి. మొదటిసారి వచ్చిన ఫిట్స్ అయినా, ఐదు నిమిషాలకి ఆగకపోయినా 108కి చేయండి.

ఆరో పని: డాక్టర్ దగ్గరికి ఒకసారి, సరిగ్గా వెళ్లండి

ముందు మీకు తెలిసిన జనరల్ ఫిజీషియన్ చాలు. అవసరమైతే ఆయనే న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపుతారు. మీ అర పేజీ, రెండు వారాల లెక్క తీసుకెళ్లండి. ఎంత తాగుతారో నిజం చెప్పండి. భార్య ముందో నాన్న ముందో చెప్పలేకపోతే "డాక్టరు గారూ, రెండు నిమిషాలు మీతో ఒక్కడినే మాట్లాడాలి" అనండి, తప్పుగా అనుకోరు. తాగి పడ్డారన్న సిగ్గుతో జారిపడ్డానని చెబితే ఆయన తప్పు దారిలో వెతుకుతారు, డబ్బు మీదే పోతుంది.

మాటలు వెతుక్కోకుండా ఇలా మొదలుపెట్టొచ్చు: "ఫలానా సంవత్సరం తాగి ఉన్నప్పుడు తలకు దెబ్బ తగిలింది. అప్పుడు ఇలా జరిగింది. ఇప్పుడు ఆరు నెలలుగా ఇవి బాధపెడుతున్నాయి. ఆ దెబ్బకీ వీటికీ సంబంధం ఉందేమోనని భయంగా ఉంది." చివరి వాక్యం తప్పకుండా అనండి. చాలామంది తలనొప్పి అని చెప్పి మాత్ర తీసుకుని, అసలు భయాన్ని ఇంటికి మోసుకొస్తారు.

మతిమరుపు, నీరసానికి బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, లివర్ పరీక్షలు చేయించమని అడగొచ్చు. శాకాహారులకి, ఏళ్లుగా గ్యాస్ మాత్రలో షుగర్ మాత్ర మెట్‌ఫార్మినో వాడేవాళ్లకి బి12 తగ్గడం మామూలే. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగుతుంటే అదీ చెప్పండి. జ్ఞాపకశక్తిని కొలిచే పరీక్షలు తెలుగులో ఉన్నాయి, కూర్చోబెట్టి ప్రశ్నలడిగి చేస్తారు.

స్కాన్ విషయంలో తొందర వద్దు. కొత్త రక్తస్రావం, పుర్రె పగులు చూడటానికి సీటీ, పాత మచ్చలు చూడటానికి ఎంఆర్ఐ మెరుగు. చేయించే ముందు "దీనివల్ల నా వైద్యం ఏమైనా మారుతుందా?" అని అడగండి. స్కాన్ మామూలుగా వచ్చినంత మాత్రాన మీ బాధ నటన కాదు, తేలికపాటి దెబ్బ స్కాన్‌లో కనబడకపోవచ్చు. చిన్న మచ్చ ఏదో కనబడినంత మాత్రాన మీ బాధలన్నిటికీ అదే కారణమనీ కాదు.

ఏడో పని: డాక్టర్ ఫర్వాలేదన్నాక కూడా భయం వదలకపోతే

చాలామందికి అసలు కష్టం ఇక్కడే. రోజుకి పదిసార్లు తమను తాము పరీక్షించుకుంటారు. ఫోన్ నంబర్లు గుర్తు తెచ్చుకుంటారు, పదో తరగతి మాస్టార్ల పేర్లు లెక్కపెట్టుకుంటారు, "నేను మునుపటిలాగే ఉన్నానా?" అని ఇంట్లోవాళ్లని అడుగుతారు. జవాబు విన్న పది నిమిషాలు ప్రాణం కుదుటపడుతుంది, మళ్లీ మొదలు. పైగా మనసంతా ఆ కాపలాలో ఉంటే బండి తాళం ఎక్కడ పెట్టారో గుర్తుండదు, అది చూసి భయం ఇంకా పెరుగుతుంది.

ఆ పరీక్షలు ఒక్కొక్కటిగా తగ్గించండి. ఫోన్లో వెతకడం ముందు ఆపండి, ముఖ్యంగా రాత్రి. భయం వచ్చినప్పుడు "సాయంత్రం ఆరింటికి దీని సంగతి చూస్తాను" అని వాయిదా వేసి, ఆరింటికి పావుగంట కూర్చుని కాగితం మీద రాయండి. మిమ్మల్ని దగ్గర నుంచి చూసే ఒక్క మనిషిని ఎంచుకుని నెలకి ఒక్కసారి మాత్రమే అడగండి. రోజూ అరగంట నడవండి, నిద్రకి అదే పెద్ద సాయం.

అయినా తగ్గకపోతే దీనికి వైద్యం ఉంది, మాటలతో చేసే చికిత్సా ఉంది. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు అక్కర్లేదు. తలదెబ్బ తిన్నవాళ్లలోనూ, తాగేవాళ్లలోనూ డిప్రెషన్ ఎక్కువగానే కనిపిస్తుంది. బతకాలనిపించకపోవడం, చచ్చిపోతే బాగుండుననిపించడం ఉంటే ఈ రోజే ఆ నంబరుకి చేయండి, పక్కన ఒక మనిషిని ఉంచుకోండి.

మళ్లీ దెబ్బ తగలకుండా, తగిలితే

తాగి బండి ఎక్కొద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం ప్రకారం నేరం, కానీ తల పగలడానికి అంత కూడా అక్కర్లేదు. హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె చూసి కొనండి, గడ్డం కింద క్లిప్పు పెట్టుకోండి. క్లిప్పు పెట్టని హెల్మెట్ మనకన్నా ముందే ఎగిరిపోతుంది.

తాగిన మనిషి తల కొట్టుకుంటే "మత్తులో ఉన్నాడు, పడుకోనివ్వండి" అని వదిలేయడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మత్తూ, మెదడులో రక్తస్రావమూ పైకి ఒకేలా కనిపిస్తాయి, మనం తేడా చెప్పలేం. అందుకే ఇంట్లో ఉంచి చూద్దామనుకోకుండా డాక్టర్‌కి చూపించండి. నిమ్మరసం, మజ్జిగ పోసి మత్తు దించే ప్రయత్నం చేయొద్దు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ ఇవ్వొద్దు. ఆస్పత్రిలో ఎన్నింటికి పడ్డాడు, ఎంత తాగాడు, స్పృహ ఎంతసేపు లేదు, ఏ మాత్రలు వాడతాడు అన్న నాలుగూ చెప్పండి. ఇంటికి పంపించినా మొదటి 24 గంటలు ఒక మనిషి పక్కనే ఉండాలి. మగత పెరిగినా, వాంతులు మళ్లీ మళ్లీ అయినా, లేపితే లేవకపోయినా అర్ధరాత్రయినా సరే తిరిగి తీసుకెళ్లండి.